పెన్‌డ్రైవ్ పీకేశాక డ్రైవర్‌కు మిగిలే పని

పాతరకం యూఎస్‌బీ ప్లగ్గును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని లోపలికి చూస్తే నాలుగు లోహపు పట్టీలు కనిపిస్తాయి. నాలుగూ ఒకే పొడవు కావు. అంచుల్లో ఉన్న రెండూ కాస్త ముందుకు వచ్చి ఉంటాయి, నడిమి రెండూ వెనక్కి తగ్గి ఉంటాయి. అంచువి కరెంటుకు, నడిమివి డేటాకు. గుచ్చేటప్పుడు ముందు కరెంటు అందుతుంది, ఆ తర్వాతే డేటా తీగలు కలుస్తాయి. లాగేటప్పుడు వరుస తిరగబడుతుంది: డేటా ముందు తెగుతుంది, కరెంటు చివరగా పోతుంది. పొడవులో తేడా చాలా చిన్నది. అయినా ఈ కనెక్టర్‌ను గీసినవాళ్లు ఒక సంగతిని మొదటి రోజే ఒప్పుకున్నారని అది చెబుతోంది: వాడేవాడు చెప్పి లాగడు.

హార్డ్‌వేర్ ఇంత తేలిగ్గా ఒప్పుకున్న దాన్ని సాఫ్ట్‌వేర్ ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెరిగిన కాలంలో డిస్కు అంటే క్యాబినెట్‌లో మరలతో బిగించిన వస్తువు. కంప్యూటర్ మొదలైనప్పుడు ఉంటుంది, ఆపేదాకా ఉంటుంది. ఆ నమ్మకం మీదే డిస్కులో ఫైళ్లను అమర్చే ఫైల్ సిస్టమ్‌లు, రాతలను మెమరీలో కాసేపు దాచే క్యాష్‌లు, ఒక్కో పరికరాన్ని నడిపే కోడ్ అయిన డ్రైవర్లు అన్నీ కట్టారు. తర్వాత వచ్చిన పెన్‌డ్రైవ్ ఆ నమ్మకాన్ని తీసేసింది.

రాకనూ పోకనూ ఒకే జంటగా చెప్పడం అలవాటు. డ్రైవర్ కోడ్‌లో మాత్రం ఆ రెంటికీ పోలిక తక్కువ. రాకను డ్రైవర్ తన తీరికను బట్టి ఒక్కో మెట్టుగా నడిపిస్తుంది. తొందర లేదు, ఏ మెట్టు దగ్గర తేడా వచ్చినా వెనక్కి తగ్గవచ్చు. పోకలో ఆ వెసులుబాటు లేదు. వస్తువు పోయిన క్షణం ఒకటి, ఆ వస్తువు గురించి కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డు) తెరిచిన లెక్కలన్నీ మూతపడే క్షణం ఇంకొకటి. ఈ రెంటి మధ్య కొన్ని మిల్లీసెకన్లు ఉండవచ్చు, కొన్ని గంటలూ ఉండవచ్చు. స్టోరేజ్ డ్రైవర్లలో కష్టమంతా ఆ నడిమి కాలంలోనే ఉంది.

ముందు రాక సంగతి త్వరగా చూద్దాం. పెన్‌డ్రైవ్‌లో ఒక డేటా తీగను పైకి లాగి ఉంచే 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. హబ్ (కంప్యూటర్‌లో పోర్టులను చూసుకునే భాగం) వైపున అదే తీగను కిందికి లాగే 15 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. పోర్టు ఖాళీగా ఉంటే వోల్టేజి కిందే ఉంటుంది, ఏదైనా గుచ్చగానే పైకి లేస్తుంది. హబ్‌కు తెలిసేది అంతే: ఈ పోర్టులో ఏదో మారింది. దాన్ని నమ్మి వెంటనే పని మొదలుపెట్టకూడదు. చేతితో గుచ్చేటప్పుడు పట్టీలు కలిసి, విడిపోయి, మళ్లీ కలుస్తాయి. అందుకే వోల్టేజి కనీసం 100 మిల్లీసెకన్లు నిలకడగా ఉండాలని యూఎస్‌బీ ప్రమాణం చెబుతోంది. లైనక్స్ హబ్ డ్రైవర్ 25 మిల్లీసెకన్లకోసారి తొంగిచూస్తూ, ఆ నూరూ కదలకుండా గడిస్తేనే ముందుకు వెళ్తుంది.

తర్వాత పోర్టును రీసెట్ చేస్తారు. కొత్తగా వచ్చిన ఏ డివైజ్ అయినా మొదట సున్నా అనే చిరునామాకే పలుకుతుంది కాబట్టి ఒకేసారి రెండింటిని పలకరించడం కుదరదు. ఒకదానికి 1 నుంచి 127 లోపు సొంత చిరునామా ఇచ్చాకే రెండోదాని వంతు వస్తుంది. ఆపైన డివైజ్ తన వివరాలు చెప్పుకుంటుంది: తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య, క్లాసు. క్లాసు 8 అని చెబితే అది స్టోరేజ్. అప్పుడు స్టోరేజ్ డ్రైవర్‌కు పిలుపు వస్తుంది.

ఇక్కడ ఒక విడ్డూరం ఉంది. అరచేతిలో ఇమిడే ఈ వస్తువుతో డ్రైవర్ మాట్లాడే భాష స్కజీ. పెద్ద కంప్యూటర్లకు లావుపాటి కేబుళ్లతో డిస్కులు తగిలించే రోజుల్లో, 1986లో ప్రమాణంగా వెలువడిన భాష అది. యూఎస్‌బీ చేసిందల్లా ఒక్కో స్కజీ ఆదేశాన్ని 31 బైట్ల కవరులో పెట్టి పంపడం, పని అయ్యాక 13 బైట్ల జవాబును అందుకోవడం. ‘నువ్వు ఎవరు’, ‘సిద్ధంగా ఉన్నావా’, ‘నీ సామర్థ్యం ఎంత’ అనే ఆదేశాలు వరుసగా వెళ్తాయి. కొన్ని పెన్‌డ్రైవ్‌లు కరెంటు అందగానే పలకలేవు. అందుకే లైనక్స్ డ్రైవర్ మామూలుగా ఒక సెకను ఆగి అప్పుడు ప్రశ్నలు మొదలుపెడుతుంది.

ఆ ఒక్క సెకనులో మీరు పెన్‌డ్రైవ్ లాగేస్తే ఏమవుతుంది? ఇంకా డిస్కు పుట్టలేదు, పుట్టించే పని మాత్రం వరుసలో నిలబడి ఉంది. లైనక్స్ స్టోరేజ్ డ్రైవర్‌లో డిస్‌కనెక్ట్ ఫంక్షన్ చేసే తొలి పనుల్లో ఒకటి ఆ వరుసలోని పనిని రద్దు చేయడం, ఒకవేళ అది అప్పటికే మొదలై ఉంటే ముగిసేదాకా ఆగడం. అది లేకపోతే ఒక థ్రెడ్ (విడిగా నడిచే పని వరుస) డిస్కును కడుతూ ఉంటుంది, ఇంకో థ్రెడ్ దాన్నే కూల్చుతూ ఉంటుంది. రాక పూర్తికాకముందే పోక మొదలవచ్చు అన్న మాటను కోడ్ రాసేవాళ్లు ఎంత తరచుగా మరచిపోతారో కెర్నల్‌లో బగ్గుల దిద్దుబాట్లు చదివితే తెలుస్తుంది.

డిస్కు రావడం వేరు, అందులోకి కార్డు రావడం వేరు

చాలా వివరణల్లో కలిసిపోయే తేడా ఇది. కార్డ్ రీడర్‌ను తీసుకోండి. రీడర్ కంప్యూటర్‌కు తగిలించే ఉంటుంది. దానిలోని కార్డు మాత్రం వస్తూ పోతూ ఉంటుంది. యూఎస్‌బీ హబ్ దృష్టిలో ఏమీ మారలేదు, వోల్టేజి కదలలేదు, కాబట్టి హబ్ నుంచి ఏ కబురూ రాదు. కార్డు మారిన సంగతి డ్రైవర్‌కు తెలిసే దారి అడిగి తెలుసుకోవడమే.

‘నువ్వు ఎవరు’ అన్న ఆదేశానికి వచ్చే జవాబులో, రెండో బైటులోని పైబిట్ ఈ పని కోసమే ఉంది. అది 1 అయితే ఈ డివైజ్‌లో మాధ్యమం మారగలదని అర్థం. డివైజ్ మొత్తాన్ని పీకేయవచ్చని దాని అర్థం కాదు. యూఎస్‌బీతో తగిలించే హార్డ్ డిస్కును ఎప్పుడైనా పీకవచ్చు, కానీ దానిలో ఆ బిట్ సాధారణంగా సున్నా. పెన్‌డ్రైవ్‌లో చిప్పును బోర్డుకు టంకం వేసి అతికించారు, దాన్ని ఎవరూ మార్చలేరు. అయినా చాలా పెన్‌డ్రైవ్‌లు ఆ బిట్‌ను 1గా చూపిస్తాయి. ఈ చిన్న అబద్ధం వల్ల విండోస్ చాలా ఏళ్లు పెన్‌డ్రైవ్‌లో మొదటి పార్టిషన్‌ను (డిస్కును విడదీసిన భాగాల్లో మొదటిదాన్ని) తప్ప మిగతావాటిని చూపించలేదు. 2017లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ దాకా అదే పరిస్థితి.

కార్డు మారాక డ్రైవర్ ఏ ఆదేశం పంపినా, రీడర్ ముందు దాన్ని తిప్పికొట్టి ‘ఒక్క మాట, ఇక్కడ ఏదో మారింది’ అనే అర్థం వచ్చే సంకేతం ఇస్తుంది. స్కజీలో దాని పేరు యూనిట్ అటెన్షన్. ఆ సంకేతం అందగానే లైనక్స్ డిస్కు డ్రైవర్ తన దగ్గర ‘మారింది’ అని ఒక గుర్తు పెట్టుకుంటుంది. ఆ గుర్తు ఉన్నంతసేపూ పాత కార్డును నమ్మి వచ్చిన చదవడాలను, రాయడాలను చడీచప్పుడు లేకుండా తిరస్కరిస్తుంది. ఎవరైనా డిస్కును కొత్తగా తెరిచి, సామర్థ్యం, పార్టిషన్లు మళ్లీ చదివాకే దారి తెరుచుకుంటుంది. ఆ తిరస్కారం చాలా విలువైనది. అది లేకపోతే పాత కార్డుకు రాయవలసిన డైరెక్టరీ వెళ్లి కొత్త కార్డు మీద పడుతుంది. అప్పుడు పాడైపోయేది అసలు ఏ తప్పూ లేని కార్డు.

ఎవరూ ఏమీ చదవకుండా ఊరికే ఉంటే కార్డు మారిన సంగతి ఎలా తెలుస్తుంది? ఎవరో ఒకరు పదేపదే అడుగుతూ ఉండాలి. లైనక్స్‌లో ఈ పని ఒకప్పుడు కెర్నల్ బయట నడిచే ప్రోగ్రామ్ చేసేది. 2011లో వచ్చిన 2.6.38 కెర్నల్‌తో అది లోపలికి మారింది. నేటి డెస్క్‌టాప్‌లలో సాధారణంగా రెండు సెకన్లకోసారి ఆ ప్రశ్న వెళ్తూనే ఉంటుంది. మెమరీ కార్డు పెట్టాక ఫోల్డర్ తెరుచుకోవడానికి పట్టే చిన్న విరామంలో దీని వాటా కూడా ఉంది.

అడిగి తీయడం

విండోస్‌లో పోకను రెండు రకాలుగా విడదీశారు. ఇది నాకు నచ్చిన రూపకల్పన. మొదటిది మర్యాదగా అడిగి తీయడం. టాస్క్‌బార్ మూలన ఉన్న గుర్తును నొక్కి ‘తీసేస్తాను’ అని చెబితే, డివైజ్‌ల రాకపోకలు చూసే ప్లగ్ అండ్ ప్లే మేనేజర్ ముందుగా ఒక ప్రశ్న పంపుతుంది: దీన్ని తీసేయవచ్చా? ఆ డివైజ్ గురించి కబురు కావాలని ముందే నమోదు చేసుకున్న ప్రోగ్రామ్‌లకు ఆ ప్రశ్న వెళ్తుంది, ఫైల్ సిస్టమ్‌కు వెళ్తుంది, డ్రైవర్ల దొంతరకు వెళ్తుంది. వీళ్లలో ఎవరైనా కాదనవచ్చు. ఎవరైనా కాదంటే, అప్పటికే సరేనన్నవారందరికీ ‘ఆ మాట రద్దు, మీ పని మీరు చూసుకోండి’ అనే రెండో సందేశం వెళ్తుంది. అందరూ సరేనంటేనే అసలు తొలగింపు మొదలవుతుంది.

‘ఈ డివైజ్ ఇంకా వాడుకలో ఉంది’ అని మొండికేసే ఆ కిటికీ వెనక ఉన్నది ఈ వీటోనే. ఆ వీటో ఎవరిదో తెరమీద చెప్పకపోవడం విండోస్ చేసిన అన్యాయం. చాలాసార్లు ఆ వివరం ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ చిట్టాలో ఉంటుంది. కెర్నల్ పీఎన్‌పీ పేరుతో 225 నంబరు ఈవెంట్‌ను వెతికితే, అడ్డుపడిన ప్రోగ్రామ్ పేరు, దాని ప్రాసెస్ సంఖ్య కనిపిస్తాయి. విసుగుతో పీకేసే ముందు ఒకసారి అక్కడ చూడటం మేలు.

లైనక్స్‌లో డ్రైవర్‌ను అనుమతి అడిగే పద్ధతి లేదు. యూఎస్‌బీ డ్రైవర్ల డిస్‌కనెక్ట్ ఫంక్షన్ ఏ విలువనూ తిరిగి ఇవ్వదు. అంటే ‘కుదరదు’ అనే జవాబుకు అక్కడ చోటే లేదు. మర్యాదంతా పై అంతస్తులో జరుగుతుంది: అన్‌మౌంట్ చేయమంటే, అంటే ఫోల్డర్ల వరుసలో తగిలించిన (మౌంట్ చేసిన) డిస్కును విడదీయమంటే, ఫైళ్లు తెరిచి ఉంటే ఫైల్ సిస్టమ్ ‘తీరిక లేదు’ అంటుంది. అది దాటాక కిందివాళ్లకు వచ్చేది ఆజ్ఞ మాత్రమే. పీకేసిన వస్తువు గురించి డ్రైవర్ అభిప్రాయం అడగడంలో అర్థం లేదని ఈ పద్ధతి ఉద్దేశం. అదీ సమంజసమే. ఎందుకంటే విండోస్ కూడా రెండో రకం పోకలో అడగదు.

అడగకుండా పోవడం

రెండో రకం పేరు సర్‌ప్రైజ్ రిమూవల్. దాన్ని విండోస్ కనిపెట్టే తీరు చూడదగ్గది. పోర్టులో ఏదో మారిందని తెలియగానే హబ్ డ్రైవర్ ‘ఫలానాది పోయింది’ అని చెప్పదు. ‘నా కింద ఉన్నవాళ్ల జాబితా మారింది’ అని మాత్రం చెబుతుంది. ప్లగ్ అండ్ ప్లే మేనేజర్ ఆ జాబితాను మళ్లీ అడిగి, పాత దానితో పోల్చి చూస్తుంది. కొత్త పేరు కనిపిస్తే అది రాక. పాత పేరు కనిపించకపోతే అది పోక. పోకకు ప్రత్యేకంగా ఏ కబురూ అక్కరలేదు, హాజరుపట్టీలో లేకపోవడమే చాలు.

ఇక్కడి నుంచి డ్రైవర్ పని రెండు విడతలు. సర్‌ప్రైజ్ రిమూవల్ సందేశం అందగానే హార్డ్‌వేర్‌ను తాకడం ఆపాలి, వరుసలో ఉన్న రిక్వెస్టులన్నిటినీ విఫలమని తిప్పి పంపాలి, కొత్తవాటిని గుమ్మంలోనే ఆపాలి. ఈ సందేశానికి కాదనే హక్కు లేదు. అయితే డ్రైవర్ తన డివైజ్ ఆబ్జెక్టును (మెమరీలో ఆ డివైజ్ గురించి ఉంచుకున్న నమోదును) మాత్రం అప్పుడే చెరిపేయకూడదు. ఏదో ఒక ప్రోగ్రామ్ చేతిలో ఆ డిస్కులోని ఫైలుకు హ్యాండిల్ (తెరిచిన ఫైలును పట్టుకునే పిడి) ఇంకా ఉండవచ్చు. ఆ హ్యాండిల్ చివరికి చూపించేది ఈ ఆబ్జెక్టునే. ఆబ్జెక్టు పోయి హ్యాండిల్ మిగిలితే, తర్వాతి చదవడం విడుదలైపోయిన మెమరీలోకి నడుస్తుంది. అది విండోస్ కుప్పకూలినప్పుడు కనిపించే నీలి తెరకు దారి. అందుకే చివరి హ్యాండిల్ మూసేదాకా మేనేజర్ ఆగి, అప్పుడు అసలైన తొలగింపు సందేశాన్ని పంపుతుంది. విండోస్ 98లో ఈ రెండు విడతల పద్ధతి లేదు, నేరుగా తొలగింపు సందేశమే వచ్చేది. విండోస్ 2000తో సర్‌ప్రైజ్ రిమూవల్ విడి సందేశం అయింది.

చివరి సందేశం వచ్చాక కూడా ఒక చిక్కు మిగులుతుంది. సరిగ్గా ఆ క్షణంలో ఇంకో ప్రాసెసర్ కోర్ మీద ఇదే డ్రైవర్ కోడ్ ఒక రిక్వెస్టు మధ్యలో ఉండవచ్చు. దీనికి విండోస్ ఇచ్చిన సాధనం రిమూవ్ లాక్. పేరుకు లాక్ అయినా అది లోపల ఒక లెక్క. పెళ్లి బంతిని తలచుకుంటే దాని నడక తెలుస్తుంది: చివరివాడు లేచేదాకా విస్తళ్లు ఎత్తరు, ఎత్తాలని నిశ్చయించాక ఆ వరుసలో కొత్తవాళ్లను కూర్చోబెట్టరు. ప్రతి రిక్వెస్టు లోపలికి వస్తూ లెక్కను ఒకటి పెంచుతుంది, పోతూ ఒకటి తగ్గిస్తుంది. తొలగింపు మొదలైందని గుర్తు పడ్డాక వచ్చినవారికి ‘చెరిపివేత జరుగుతోంది’ అనే జవాబు దొరుకుతుంది. లెక్క సున్నాకు చేరాకే ఆబ్జెక్టు పోతుంది.

పద్ధతి బాగానే ఉంది, కానీ లెక్క సున్నాకు రాకపోతే? ఎక్కడో ఒక తప్పుదారిలో, సాధారణంగా ఎర్రర్ వచ్చినప్పుడు మాత్రమే నడిచే దారిలో, లెక్క తగ్గించడం మరచిపోతే తొలగింపు ఎప్పటికీ ముగియదు. పోయిన డివైజ్ నుంచి జవాబు కోసం ఎదురుచూస్తున్న రిక్వెస్టును ఎవరూ రద్దు చేయకపోయినా అంతే. కంప్యూటర్ ఆగిపోదు, ఇంకేదీ పాడైనట్టు కనిపించదు, కానీ ఆ పోర్టులో మళ్లీ గుచ్చినా ఉలుకూ పలుకూ ఉండదు, షట్‌డౌన్ నొక్కితే తెర అలాగే నిలిచిపోతుంది. ఈ లెక్కలను ప్రతి డ్రైవర్ రచయిత చేతికీ వదిలేయడం పొరపాటని మైక్రోసాఫ్ట్‌కు కూడా తెలిసింది. విస్టా కాలంలో వచ్చిన డ్రైవర్ ఫ్రేమ్‌వర్క్ ఈ భారాన్ని చాలావరకు తన మీద వేసుకుంది.

లైనక్స్‌లో ఇదే కథను తెర మీద చూడవచ్చు. ఒక టెర్మినల్‌లో కెర్నల్ సందేశాలు పారుతూ ఉండేలా పెట్టి, మౌంట్ అయి ఉన్న పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డర్‌లోకి ఇంకో టెర్మినల్‌ను తీసుకువెళ్లి, పెన్‌డ్రైవ్ లాగేయండి. పనికిరాని పాతది వాడండి. మొదట ‘యూఎస్‌బీ డిస్‌కనెక్ట్’ అనే వరుస వస్తుంది. వెనకే, ఏదైనా రాయడం మిగిలి ఉంటే, ఫలానా బ్లాకుకు రాయవలసిన పేజీ పోయిందని బఫర్ ఎర్రర్ వరుసలు వస్తాయి. ఇప్పుడు అదే పెన్‌డ్రైవ్‌ను అదే పోర్టులో మళ్లీ గుచ్చండి. ఇంతకుముందు దాని పేరు ఎస్‌డీబీ అయితే, ఈసారి ఎస్‌డీసీ అని వస్తుంది. ఎస్‌డీబీ ఖాళీ కాలేదు. దాని వెనక ఉన్న వస్తువు పోయినా మౌంట్ మిగిలి ఉంది, ఆ ఫోల్డర్‌లో నిలబడ్డ మీ టెర్మినల్ మిగిలి ఉంది, కాబట్టి కెర్నల్‌లోని ఆబ్జెక్టు బతికే ఉంది, పేరును వదలలేదు. ఆ టెర్మినల్‌ను మూసి, అన్‌మౌంట్ చేసి, మళ్లీ గుచ్చితే ఎస్‌డీబీ తిరిగి వస్తుంది. నేను పైన చెప్పిన రెండు క్షణాల మధ్య ఎడం ఇదే.

ఈ ఎడంలో ఫైల్ సిస్టమ్ పరిస్థితి చాలాకాలం దయనీయంగా ఉండేది. కింద డిస్కు పోయిందని దానికి ఎవరూ చెప్పేవారు కాదు. ఒక్కో రాయడం విఫలమవుతూ ఉంటే అది డిస్కులో చెడిపోయిన చోటు అనుకుని తంటాలు పడేది. 2023లో వచ్చిన 6.5 కెర్నల్‌లో దీనికి దారి వేశారు: డిస్కు పోగానే, దాన్ని పట్టుకుని ఉన్నవారికి ‘ఇది ఇక లేదు’ అని బ్లాకు పొర నేరుగా కబురు చేస్తుంది. ఆ కబురు అందుకున్న ఫైల్ సిస్టమ్ ఒక్కసారిగా తలుపులు మూసుకోగలదు. యూఎస్‌బీ వచ్చిన పాతికేళ్లకు పైగా గడిచాక అన్నమాట.

ఈ పోకలన్నిటినీ ఎవరు నడుపుతారన్నది కూడా చిన్న విషయం కాదు. లైనక్స్‌లో చాలాకాలం యూఎస్‌బీ హబ్‌ల పనులన్నీ ఒకే ఒక్క కెర్నల్ థ్రెడ్ చూసేది. ఒక డ్రైవర్ డిస్‌కనెక్ట్ ఫంక్షన్ ఎక్కడో ఇరుక్కుంటే మిగతా పోర్టులన్నిటిలో రాకపోకలు ఆగిపోయేవి. దీనికి తోడు ఒక వలయం ఉంది. స్టోరేజ్ డ్రైవర్ ఎర్రర్ నుంచి కోలుకోవడానికి కాస్త మెమరీ అడిగిందనుకోండి. మెమరీ తక్కువగా ఉంటే కెర్నల్ మురికి పేజీలను (ఇంకా డిస్కుకు చేరని రాతలున్న మెమరీ ముక్కలను) డిస్కుకు రాసి చోటు చేయాలనుకుంటుంది. ఆ డిస్కు ఇదే అయితే, డిస్కు కోలుకోవడానికి మెమరీ కావాలి, మెమరీ రావడానికి డిస్కు కోలుకోవాలి. అందుకే ఈ దారిలో మెమరీ అడిగేటప్పుడు ‘దీనికోసం ఏ డిస్కుకూ రాయవద్దు’ అనే షరతు పెట్టి అడగాలన్న నియమం ఉంది.

రాసినట్టు కనిపించిన ఫైలు

ఇంతసేపూ మాట్లాడింది కెర్నల్ క్షేమం గురించి. మామూలు మనిషికి కావలసింది ఫైలు. 700 మెగాబైట్ల సినిమాను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే లైనక్స్‌లో పట్టీ కొన్ని సెకన్లలో నూరు శాతానికి చేరవచ్చు. సెకనుకు 10 మెగాబైట్లు రాయగల పెన్‌డ్రైవ్‌కు ఆ పని 70 సెకన్లు పడుతుంది. మిగతా సినిమా అప్పటికి కంప్యూటర్ మెమరీలో ఉంది. మామూలు అమరికలో కెర్నల్ 5 సెకన్లకోసారి లేచి, 30 సెకన్లు దాటిన మురికి పేజీలను రాయడానికి పంపుతుంది. పేజీలు మరీ పేరుకుపోతే ముందే మొదలుపెడుతుంది. పట్టీ చూపించిన నూరు శాతం అబద్ధం కాదు, కానీ అది చెప్పింది మెమరీ సంగతి.

జిరాక్స్ షాపులో ప్రింటుకు ఇచ్చిన పెన్‌డ్రైవ్‌ను ఎవరూ ఎజెక్ట్ చేయరు, వెనక వరుస ఉంటుంది, లాగి చేతిలో పెడతారు. చాలాసార్లు ఏమీ కాదు. షాపు కంప్యూటర్ చేసింది చదవడమే కావడం ఒక కారణం. విండోస్ తన పద్ధతి మార్చుకోవడం రెండో కారణం. 2018లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809 నుంచి బయటి డ్రైవ్‌లకు ‘త్వరిత తొలగింపు’ మామూలు అమరిక అయింది. అంటే రాతలను క్యాష్‌లో దాచి పెట్టకుండా వీలైనంత వెంటనే పంపుతుంది. వేగం కాస్త తగ్గుతుంది, లాగినప్పుడు నష్టం బాగా తగ్గుతుంది. ఈ బేరం సరైనదే అని నా అభిప్రాయం. మనుషుల అలవాటు మార్చడం కన్నా క్యాష్ అలవాటు మార్చడం తేలిక. అయితే రాత నడుస్తుండగా లాగితే ఏ అమరికా కాపాడలేదు.

అలా లాగినప్పుడు ఏం మిగులుతుందన్నది ఫార్మాట్‌ను బట్టి ఉంటుంది. ఫ్యాట్ అనే పాత ఫైల్ సిస్టమ్‌లో ఒక ఫైలు రాయడమంటే మూడు చోట్ల రాయడం: డేటా, ఏ ముక్క తర్వాత ఏ ముక్క అన్న పట్టిక, డైరెక్టరీలో పేరూ పరిమాణమూ. పట్టికలో ముక్కలు కేటాయించి, డైరెక్టరీలో పేరు రాయకముందే కరెంటు పోతే ఆ ముక్కలకు యజమాని ఉండడు. విండోస్‌లో డిస్కు తనిఖీ నడిపాక ఫౌండ్.000 అనే ఫోల్డర్‌లో సీహెచ్‌కే ఫైళ్లు కనిపించేది అందుకే. అవి పేరు పోగొట్టుకున్న మీ ఫైళ్ల ముక్కలు. జర్నల్ (చేయబోయే మార్పులను ముందే రాసుకునే చిట్టా) ఉన్న ఫైల్ సిస్టమ్‌లలో ఈ అనాథ ముక్కల బెడద తక్కువ. కానీ జర్నల్ కాపాడేది ఫైల్ సిస్టమ్ ఒద్దికను, మీ ఆఖరి పది సెకన్ల రాతను కాదు.

తిరిగే పళ్లేలున్న బయటి హార్డ్ డిస్కుకు ఇంకో బాధ ఉంది. ఎజెక్ట్ చేస్తే డిస్కుకు ‘ఆగు’ అనే ఆదేశం వెళ్లి, హెడ్లు నెమ్మదిగా పక్కకు చేరతాయి. లాగేస్తే, మిగిలిన కాస్త శక్తితో అవి అత్యవసరంగా వెనక్కి దూకాలి. చాలా డిస్కులు ఈ దూకుళ్లను స్మార్ట్ అనే తమ ఆరోగ్య పట్టికలో 192వ అంశంగా లెక్కపెట్టి ఉంచుతాయి.

అన్నీ ఒకట్లే

యూఎస్‌బీలో డ్రైవర్‌కూ డివైజ్‌కూ మధ్య హోస్ట్ కంట్రోలర్ ఉంటుంది. పంపిన మాట చేరకపోతే అది ఎర్రర్ ఇస్తుంది. ఎన్‌వీఎంఈ అనే వేగవంతమైన ఫ్లాష్ డిస్కులు పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద, అంటే ప్రాసెసర్‌కు పరికరాలను నేరుగా కలిపే దారి మీద ఉంటాయి. అక్కడ డ్రైవర్ డివైజ్ రిజిస్టర్‌ను (డివైజ్ తన స్థితిని చూపించే చిన్న గడిని) మామూలు మెమరీ చదివినట్టే నేరుగా చదువుతుంది. సర్వర్ ముందు తలుపు నుంచి డిస్కును లాగేశాక అలా చదివితే, సాధారణంగా ఎర్రర్ రాదు. 32 బిట్లూ ఒకట్లే అయిన విలువ వస్తుంది, అంటే 4,294,967,295.

ఇది ఎంత మోసకారో ఒక చిన్న లూపుతో తెలుస్తుంది. ‘పని నడుస్తోంది అనే బిట్ సున్నా అయ్యేదాకా చదువుతూ ఉండు’ అని డ్రైవర్‌లో రాసి ఉందనుకోండి. డిస్కు పోయాక ఆ బిట్ ఎప్పుడు చదివినా 1. లూపు ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. తిరగబడిన రకం ఇంకా చెడ్డది: ‘సిద్ధంగా ఉంది అనే బిట్ 1 అయితే ముందుకు వెళ్లు’ అని ఉంటే, లేని డిస్కు ఎప్పుడూ సిద్ధంగానే ఉన్నట్టు చెబుతుంది. అందుకే లైనక్స్ ఎన్‌వీఎంఈ డ్రైవర్ స్థితి రిజిస్టర్‌ను చదివిన చోట ఆ విలువ మొత్తం ఒకట్లేనా అని చూస్తుంది. అదే అయితే డివైజ్ పోయినట్టే లెక్క. ఆ పరీక్ష చేసిన మరుక్షణమే డిస్కు పోవచ్చు కాబట్టి, ఒకసారి చూసి నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. చదివిన ప్రతి విలువనూ అనుమానించాలి, ప్రతి ఎదురుచూపుకూ గడువు పెట్టాలి. పెద్ద సర్వర్లలో ఈ స్లాట్లకు ఒక బటన్ ఉండేలా పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్రమాణంలో ఏర్పాటు ఉంది. నొక్కాక 5 సెకన్లలో మళ్లీ నొక్కితే తొలగింపు రద్దవుతుంది. మర్యాదగా అడిగే పద్ధతికి ఇది ఇనుప రూపం.

తిరిగి వచ్చింది అదేనా?

పోక సక్రమంగా ముగిశాక అదే పోర్టులో ఏదో గుచ్చారు. అది పాతదా, కొత్తదా? విండోస్ యూఎస్‌బీ సీరియల్ నంబరును చూస్తుంది. సీరియల్ లేని చవక పెన్‌డ్రైవ్‌కు పోర్టు చోటును బట్టి ఒక గుర్తింపు తయారుచేస్తుంది. అందుకే అలాంటిదాన్ని వేరే పోర్టులో పెడితే ‘కొత్త డివైజ్’ అని మళ్లీ మొదలుపెడుతుంది. డ్రైవ్ అక్షరం విషయంలో ఇంకో లెక్క: పాతరకం పార్టిషన్ పట్టిక ఉన్న డిస్కును 4 బైట్ల డిస్కు సంతకం, 8 బైట్ల పార్టిషన్ మొదలు, మొత్తం 12 బైట్లతో మౌంట్ మేనేజర్ గుర్తుపెట్టుకుంటుంది. ఒక డిస్కును ఉన్నదున్నట్టు నకలు తీసి రెండూ తగిలిస్తే సంతకాలు ఒకటే కావడంతో విండోస్ రెండోదాన్ని ఆఫ్‌లైన్‌లో ఉంచుతుంది.

అన్నిటికన్నా చిక్కు ల్యాప్‌టాప్ నిద్రపోయినప్పుడు వస్తుంది. నిద్రలో కొన్ని యంత్రాలు యూఎస్‌బీ పోర్టులకు కరెంటు పూర్తిగా ఆపేస్తాయి. మేల్కొన్నాక హబ్ కళ్లకు ప్రతి డివైజ్ పోయి మళ్లీ వచ్చినట్టే కనిపిస్తుంది. దాన్ని నిజమైన పోకగా తీసుకుంటే, నిద్రకు ముందు మౌంట్ అయిన ప్రతి డిస్కూ తెగిపోతుంది. అందుకని లైనక్స్ ఒక సర్దుబాటు చేసింది: మేల్కొన్నాక అదే పోర్టులో అవే వివరాలు చెప్పుకునే డివైజ్ ఉంటే, అది పాతదే అనుకుని పాత ఆబ్జెక్టునే కొనసాగిస్తుంది. సీరియల్ నంబరు కూడా పోల్చుతుంది, కానీ చాలామంది తయారీదారులు దాన్ని పెట్టరు. కార్డ్ రీడర్ అయితే, నిద్రలో కార్డు మార్చినా రీడర్ వివరాలన్నీ మునుపటిలాగే ఉంటాయి. కెర్నల్ పాత కార్డు పట్టికలతో కొత్త కార్డు మీద రాయడం మొదలుపెడుతుంది.  కెర్నల్ ఇలా మోసపోతే డేటా పాడవడం దాదాపు ఖాయమని, అప్పుడు తప్పు వాడినవారిదేనని లైనక్స్ అధికారిక పత్రంలో నిర్మొహమాటంగా రాసి ఉంది.